రియల్ ఎస్టేట్ పెట్టుబడి ట్రస్టుల రుణభారం

రియల్ ఎస్టేట్ పెట్టుబడి ట్రస్టు లేదా రీట్ అనగా అనేకమంది మదుపరుల నుండి సొమ్ము సేకరించి, దానితో కార్యాలయ భవనాలు, మాల్స్, గిడ్డంగులు, ఆసుపత్రులు, అద్దె ఇళ్ళు వంటి స్థిరాస్తులను కొని, వాటిపై వచ్చే అద్దెను మదుపరులకు పంచిపెట్టే సంస్థ. ఈ సంస్థలు మదుపరుల సొమ్ముతో పాటు బ్యాంకుల నుండి, బాండ్ల మార్కెట్టు నుండి అప్పు కూడా తీసుకుంటాయి. తన ఆస్తులతోను, ఆదాయంతోను పోల్చినపుడు ఒక ట్రస్టు ఎంత అప్పు మోస్తున్నదో దానినే ఆ ట్రస్టు రుణభారం అంటారు.

రెండు ట్రస్టులలో ఏది ఎక్కువ సురక్షితమైనదో తెలుసుకోవడానికి చాలామంది రుణభారాన్ని ఒకే శాతంగా చూసి పోల్చుతారు. ఈ పద్ధతి సులభమైనదే కాని సంపూర్ణమైనది కాదు. ఆస్తుల విలువ అప్పును మించి ఉన్నప్పటికీ దివాలా తీసిన సంస్థలు ఉన్నాయి. అప్పు ఎంత అన్న ప్రశ్నతో పాటు అది ఎప్పుడు తీర్చవలసినది, ఏ వడ్డీకి తెచ్చినది, దేనితో పోల్చి లెక్కించినది అన్న ప్రశ్నలకు కూడా సమాధానం తెలిసినపుడే పోలిక సరియైనది అవుతుంది.

నేపథ్యం

రీట్ల వ్యవస్థ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మొదలయినది. 1960 సెప్టెంబరు 14న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టం ద్వారా ఇవి ఏర్పడ్డాయి. పెద్ద భవనాలలో పెట్టుబడి పెట్టే అవకాశం ధనికులకే పరిమితం కాకుండా సామాన్యులకు కూడా కల్పించడం దీని ఉద్దేశం. పన్ను చెల్లించవలసిన ఆదాయంలో అధిక భాగాన్ని, ప్రస్తుత నిబంధన ప్రకారం కనీసం 90 శాతాన్ని, వాటాదారులకు పంచితే ఆ పంచిన ఆదాయంపై ట్రస్టు స్థాయిలో పన్ను ఉండదు. తరువాత అనేక దేశాలు ఇటువంటి చట్టాలనే చేసుకున్నాయి.

రుణభారానికి సంబంధించిన చిక్కు ఈ 90 శాతం నిబంధనలోనే ఉన్నది. సాధారణ వ్యాపార సంస్థ తన లాభంలో కొంత భాగాన్ని దాచుకొని, దానితో అప్పు అసలును క్రమంగా తీర్చుకోగలదు. రీట్‌కు ఆ అవకాశం చాలా తక్కువ. వచ్చిన ఆదాయంలో అధిక భాగం పంచివేయాలి కనుక, అప్పు గడువు తీరినపుడు అసలు చెల్లించడానికి మరొక అప్పు తేవలసి ఉంటుంది, లేదా కొత్త వాటాలు జారీ చేయాలి, లేదా ఆస్తిని అమ్మాలి. మన పల్లెలలో గడువు తీరిన ప్రామిసరీ నోటును తిరగరాసుకొనే పద్ధతి ఉన్నది. వడ్డీ సక్రమంగా కడుతున్నంత కాలం ఋణదాత అభ్యంతరం చెప్పడు. అయితే ఒక సంవత్సరం ఋణదాత తనకే సొమ్ము అవసరమై నోటు తిరగరాయడానికి ఒప్పుకోకపోతే, పొలం ఉన్న రైతు కూడా చిక్కులో పడతాడు. రీట్ల పరిస్థితి కూడా ఇటువంటిదే.

ట్రస్టులు అప్పు ఎందుకు చేస్తాయి

భవనంపై వచ్చే రాబడి కంటే అప్పుపై చెల్లించే వడ్డీ తక్కువగా ఉన్నపుడు, అప్పు వాటాదారుల రాబడిని పెంచుతుంది. ఉదాహరణకు 100 కోట్ల రూపాయల భవనం ఏటా 8 కోట్లు ఇస్తున్నదని అనుకొందాం. మొత్తం సొమ్ము వాటాదారులదే అయితే వారి రాబడి 8 శాతం. అందులో 40 కోట్లు 6 శాతం వడ్డీకి తెస్తే, వడ్డీ 2.40 కోట్లు పోగా మిగిలిన 5.60 కోట్లు 60 కోట్ల వాటా సొమ్ముకు చెందుతాయి. అనగా రాబడి 9.3 శాతం అవుతుంది.

అదే వడ్డీ 10 శాతానికి పెరిగితే వడ్డీ 4 కోట్లు అవుతుంది. మిగిలిన 4 కోట్లు 60 కోట్లపై 6.7 శాతం మాత్రమే. అప్పు అసలు చేయకుండా ఉన్నప్పటి రాబడి కంటే ఇది తక్కువ. ఈ విధంగా అప్పు లాభాన్నీ పెంచుతుంది, నష్టాన్నీ పెంచుతుంది.

ముఖ్యమైన కొలమానాలు

1. ఆస్తిపై అప్పు నిష్పత్తి: మొత్తం అప్పును ఆస్తుల మార్కెట్టు విలువతో భాగించగా వచ్చే శాతం. దీనిని లోన్-టు-వాల్యూ అని, కొన్ని దేశాలలో గేరింగ్ అని వ్యవహరిస్తారు. చేతిలో ఉన్న నగదును అప్పు నుండి తీసివేసి లెక్కిస్తే దానిని నికర అప్పు నిష్పత్తి అంటారు. అన్నిటికంటే ప్రచారంలో ఉన్న కొలమానం ఇదే.

2. ఆదాయానికి అప్పు రెట్లు: అద్దెల నుండి భవనాల నిర్వహణ ఖర్చులు, సంస్థ ఖర్చులు పోగా, వడ్డీ, పన్ను, తరుగుదల లెక్కించక ముందు మిగిలే సొమ్మును ఎబిట్డా అంటారు. నికర అప్పు ఈ మిగులుకు ఎన్ని రెట్లు ఉన్నదో ఈ కొలమానం తెలుపుతుంది. ఇందులో భవనాల అంచనా విలువకు చోటు లేదు కనుక, మదింపులో పొరపాట్లు ఉన్నా దీనిపై ప్రభావం ఉండదు.

3. వడ్డీ కవరేజీ నిష్పత్తి: అదే మిగులును సంవత్సరపు వడ్డీతో భాగించగా వచ్చే సంఖ్య. ఇది 3 అయితే ఒక రూపాయి వడ్డీకి ఎదురుగా మూడు రూపాయల ఆదాయం ఉన్నదని అర్థం. 1 కంటే తగ్గితే ఆదాయం వడ్డీకి కూడా చాలదని అర్థం.

4. గడువుల పట్టిక: ఏ సంవత్సరంలో ఎంత అప్పు తీర్చవలసి ఉన్నదో తెలిపే వివరం. సగటు గడువు మాత్రమే చూస్తే సరిపోదు. సగం అప్పు ఒక సంవత్సరంలోను, మిగిలిన సగం తొమ్మిది సంవత్సరాల తరువాతను తీర్చవలసి ఉన్నపుడు కూడా సగటు ఐదు సంవత్సరాలే వస్తుంది.

5. స్థిర వడ్డీ, మారే వడ్డీ: అప్పులో ఎంత భాగానికి వడ్డీ రేటు గడువు వరకు మారకుండా ఉంటుంది, ఎంత భాగానికి మార్కెట్టుతో పాటు మారుతుంది అన్న వివరం.

6. తనఖా ఉన్న అప్పు, తనఖా లేని అప్పు: భవనాలన్నీ ఇప్పటికే తనఖాలో ఉన్న ట్రస్టు కష్టకాలంలో కొత్త అప్పు తేలేదు. తనఖా లేని భవనాలు ఉన్న ట్రస్టుకు వాటిని చూపి అప్పు తెచ్చుకొనే వీలు ఉంటుంది.

ఒక ఊహాజనిత పోలిక

పై కొలమానాలు కలిసి ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి రెండు ట్రస్టులను ఊహించుకొందాం. రెండింటి ఆస్తుల విలువ 1,000 కోట్ల రూపాయలే.

| వివరము | మొదటి ట్రస్టు | రెండవ ట్రస్టు |
|---|---|---|
| అప్పు | 300 కోట్లు | 420 కోట్లు |
| ఆస్తిపై అప్పు నిష్పత్తి | 30 శాతం | 42 శాతం |
| వడ్డీకి ముందు మిగులు | 70 కోట్లు | 80 కోట్లు |
| వడ్డీ రేటు | 8 శాతం, మారేది | 7.5 శాతం, స్థిరం |
| సంవత్సరపు వడ్డీ | 24 కోట్లు | 31.5 కోట్లు |
| వడ్డీ కవరేజీ | 2.9 రెట్లు | 2.5 రెట్లు |
| ఆదాయానికి అప్పు | 4.3 రెట్లు | 5.25 రెట్లు |
| వచ్చే సంవత్సరం తీర్చవలసినది | 240 కోట్లు | 50 కోట్లు |

పట్టికలోని నిష్పత్తులు మూడూ మొదటి ట్రస్టుకే అనుకూలంగా ఉన్నాయి. ఇప్పుడు వడ్డీ రేట్లు 3 శాతం పెరిగి, బ్యాంకులు పాత అప్పులో 60 శాతం మాత్రమే తిరిగి ఇవ్వడానికి సిద్ధపడ్డాయని అనుకొందాం. మొదటి ట్రస్టు 240 కోట్లకు బదులు 144 కోట్లు మాత్రమే పొందుతుంది. మిగిలిన 96 కోట్లు ఎక్కడి నుండి తేవాలి? వడ్డీ పోగా దాని మిగులు 46 కోట్లు. అందులో 90 శాతం పంచివేస్తే మిగిలేది 4.60 కోట్లు. వడ్డీ పెరిగితే అది కూడా తగ్గుతుంది. కనుక ఆ ట్రస్టు భవనాలను తక్కువ ధరకు అమ్ముకోవలసి వస్తుంది, లేదా తక్కువ ధరకు కొత్త యూనిట్లు జారీ చేయవలసి వస్తుంది. రెండవ ట్రస్టుకు తక్కువ పడేది 20 కోట్లు మాత్రమే. దాని వడ్డీ ఖర్చులో పెద్ద మార్పు ఉండదు.

అలాగని రెండవ ట్రస్టు అన్ని విధాలా మేలైనదని చెప్పడానికి వీలులేదు. ఆస్తుల విలువ 20 శాతం పడిపోతే మొదటి ట్రస్టు నిష్పత్తి 37.5 శాతానికి, రెండవ ట్రస్టు నిష్పత్తి 52.5 శాతానికి చేరుతుంది. 50 శాతం దాటరాదని రుణ ఒప్పందంలో షరతు ఉంటే రెండవ ట్రస్టు ఆ షరతును ఉల్లంఘించినట్లు అవుతుంది. మొదటిదానికి ప్రమాదం గడువు వైపు నుండి, రెండవదానికి మదింపు వైపు నుండి పొంచి ఉన్నది. 30 శాతం, 42 శాతం అన్న రెండు అంకెలలో ఈ తేడా కనబడదు.

మదింపు విలువ మారితే నిష్పత్తి మారుట

భవనం విలువను సాధారణంగా దాని అద్దె ఆదాయం నుండి లెక్కకడతారు. ఏటా 70 కోట్లు ఇచ్చే ఆస్తికి మార్కెట్టులో 7 శాతం రాబడి చాలనుకుంటే దాని విలువ 1,000 కోట్లు. వడ్డీ రేట్లు పెరిగి కొనుగోలుదారులు 8 శాతం రాబడి కోరితే అదే ఆస్తి విలువ 875 కోట్లు. అప్పు 300 కోట్లే ఉన్నా నిష్పత్తి 30 శాతం నుండి 34.3 శాతానికి పెరుగుతుంది. ఒక్క రూపాయి కొత్త అప్పు చేయకుండా, ఒక్క అద్దెదారు కూడా ఖాళీ చేయకుండా రుణభారం పెరగడం ఈ విధంగానే జరుగుతుంది.

2022 మార్చి నుండి 2023 జూలై మధ్య అమెరికా ఫెడరల్ రిజర్వు తన ప్రధాన వడ్డీ రేటును దాదాపు సున్నా నుండి 5.25-5.50 శాతం స్థాయికి పెంచినది. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి మధ్య భారతీయ రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుండి 6.5 శాతానికి పెంచినది. ఈ కాలంలో అనేక దేశాల ట్రస్టులు పైన చెప్పిన రెండు ఒత్తిడులనూ, అనగా వడ్డీ పెరుగుదలనూ విలువ తగ్గుదలనూ, ఏకకాలంలో ఎదుర్కొన్నాయి.

చరిత్రలోని ఉదాహరణలు

జనరల్ గ్రోత్ ప్రాపర్టీస్ (అమెరికా)

1954లో అయోవా రాష్ట్రంలో బక్స్‌బామ్ సోదరులు మొదలుపెట్టిన ఈ సంస్థ అమెరికాలోని అతిపెద్ద మాల్ యజమానులలో ఒకటిగా ఎదిగినది. 2004లో రౌస్ కంపెనీని 1,200 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి, అధికభాగం అప్పుతో, కొన్నది. దీని మాల్స్ అనేకం తనఖా అప్పులపై ఆధారపడినవి. ఆ అప్పులు కొన్ని సంవత్సరాలకొకసారి గడువు తీరేవి, ప్రతిసారీ కొత్త అప్పుతో తీర్చబడేవి. 2008 ఆర్థిక సంక్షోభంలో తనఖా అప్పులను బాండ్లుగా మార్చి అమ్మే మార్కెట్టు స్తంభించినది. గడువు తీరిన అప్పులకు కొత్త అప్పు దొరకలేదు.

2009 ఏప్రిల్ 16న ఈ సంస్థ దివాలా రక్షణ కోరినది. అప్పటికి దాని అప్పులు సుమారు 2,700 కోట్ల డాలర్లు కాగా, లెక్కలలో ఆస్తులు 2,900 కోట్ల డాలర్లకు పైగా ఉన్నాయి. 200కు పైగా మాల్స్ పనిచేస్తూనే ఉన్నాయి, దుకాణాలు అద్దె కడుతూనే ఉన్నాయి. అమెరికా చరిత్రలో అదే అతిపెద్ద రియల్ ఎస్టేట్ దివాలాగా పేరుపొందినది. 2007లో 60 డాలర్లకు పైగా ఉన్న వాటా ధర ఒక డాలరు లోపుకు పడిపోయినది. తరువాత న్యాయస్థానం పర్యవేక్షణలో అప్పుల గడువులు పొడిగించబడి, బ్రూక్‌ఫీల్డ్ తదితర సంస్థలు కొత్త మూలధనం సమకూర్చగా, 2010 నవంబరులో ఈ సంస్థ దివాలా నుండి బయటపడినది. గడువు దొరికిన తరువాత అప్పులు తీర్చగలిగినదంటే, దానికి కొరవడినది ఆస్తి కాదు, సమయమని తెలుస్తుంది. భయంతో అట్టడుగు ధరకు వాటాలు అమ్ముకున్న మదుపరులకు మాత్రం ఆ నష్టం తిరిగి రాలేదు.

సైమన్ ప్రాపర్టీ గ్రూప్ (అమెరికా)

అదే వ్యాపారంలో, అదే సంక్షోభంలో ఉన్న సైమన్ సంస్థకు మంచి క్రెడిట్ రేటింగు ఉండేది. 2009 మార్చిలో అది పది సంవత్సరాల బాండ్లను 10.35 శాతం వడ్డీకి అమ్మినది. కొత్త వాటాలను కూడా జారీ చేసినది. డివిడెండులో అధిక భాగాన్ని నగదుగా కాక వాటాల రూపంలో ఇచ్చి నగదు కాపాడుకున్నది. వడ్డీ అధికమే అయినా, అప్పు దొరకడమే ఆ సమయంలో గొప్ప విషయం. 2010 ఫిబ్రవరి నాటికి ఈ సంస్థే జనరల్ గ్రోత్ ప్రాపర్టీస్‌ను 1,000 కోట్ల డాలర్లకు కొనడానికి ముందుకు వచ్చినది. ఆ ప్రతిపాదన ఫలించలేదు.

సెంట్రో ప్రాపర్టీస్ (ఆస్ట్రేలియా)

మాల్స్ యజమాని అయిన సెంట్రో తన స్వల్పకాలిక అప్పులను తిరిగి పొందలేకపోతున్నట్లు 2007 డిసెంబరు 17న ప్రకటించినది. ఆ ఒక్కరోజులో దాని ధర ముప్పాతిక వంతు పడిపోయినది. ఆ సంవత్సరపు లెక్కలలో సుమారు 150 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల స్వల్పకాలిక అప్పు దీర్ఘకాలిక అప్పుగా చూపబడినట్లు తరువాత బయటపడినది. మొత్తం అప్పు అంకె సరిగానే ఉన్నది. తప్పు గడువులో ఉన్నది. డైరెక్టర్లు తాము ఆమోదించిన లెక్కలను స్వయంగా చదివి అర్థం చేసుకోవలసిన బాధ్యత కలవారని, వారు ఆ బాధ్యతను నెరవేర్చలేదని ఆస్ట్రేలియా ఫెడరల్ న్యాయస్థానం 2011 జూన్‌లో తీర్పు చెప్పినది.

న్యూ సిటీ రెసిడెన్స్ (జపాన్)

జపాన్‌లో మొదటి రీట్లు 2001 సెప్టెంబరులో మార్కెట్టులో నమోదు అయినాయి. 2008 అక్టోబరు 9న న్యూ సిటీ రెసిడెన్స్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్ న్యాయస్థాన రక్షణ కోరి, ఆ దేశంలో విఫలమైన మొదటి రీట్ అయినది. అద్దె ఇళ్ళ వ్యాపారంలో ఉన్న ఈ సంస్థకు గడువు సమీపించిన అప్పులు తీర్చడానికి, ముందే ఒప్పుకున్న కొనుగోళ్ళకు కావలసిన సొమ్ము దొరకలేదు. అద్దె ఇళ్ళ ఆదాయం నిలకడగా ఉంటుంది కనుక వాటి యజమానికి ప్రమాదం లేదన్న నమ్మకాన్ని ఈ సంఘటన ప్రశ్నించినది.

మాన్యులైఫ్ యు.ఎస్. రీట్ (సింగపూర్)

సింగపూర్ మార్కెట్టులో నమోదు అయిన ఈ ట్రస్టు ఆస్తులు అమెరికాలోని కార్యాలయ భవనాలు. కోవిడ్ తరువాత ఇంటి నుండి పని చేయడం పెరిగి కార్యాలయాలకు గిరాకీ తగ్గినది, వడ్డీ రేట్లు పెరిగినాయి. 2023 జూన్ చివరి మదింపులో భవనాల విలువ బాగా తగ్గగా, రుణ ఒప్పందంలోని 60 శాతం పరిమితి స్వల్పంగా దాటినది. ఉల్లంఘన స్వల్పమే అయినా ఫలితం పెద్దది. యూనిట్‌దారులకు పంపిణీ నిలిచిపోయినది. 2023 డిసెంబరులో యూనిట్‌దారుల ఆమోదంతో అప్పుల పునర్వ్యవస్థీకరణ జరిగినది. పంపిణీపై ఆధారపడి ఉన్నవారికి ఆ ఆదాయం లేకుండా పోయినది.

దేశాలవారీ పరిమితులు

అమెరికా: రీట్ల అప్పుకు చట్టపరమైన పరిమితి లేదు. రుణదాతల షరతులు, రేటింగు సంస్థల అంచనాలే అడ్డుకట్టలు.

జపాన్: చట్టపరమైన పరిమితి లేదు. ఆస్తిపై అప్పు నిష్పత్తి సాధారణంగా 40-50 శాతం మధ్య ఉంటుంది.

సింగపూర్: 2020లో పరిమితి 45 నుండి 50 శాతానికి పెంచబడినది. 2024 నవంబరు నుండి అన్ని రీట్లకూ 50 శాతం పరిమితి, కనీసం 1.5 రెట్లు వడ్డీ కవరేజీ అన్న నియమం అమలులోకి వచ్చినది. మదింపు తగ్గిన కారణంగా పరిమితి దాటితే దానిని ఉల్లంఘనగా భావించరు గాని, కొత్త అప్పు చేయడానికి అనుమతి ఉండదు.

హాంగ్‌కాంగ్: మొదట 35 శాతం ఉన్న పరిమితి 2005లో 45 శాతానికి, 2020 డిసెంబరులో 50 శాతానికి పెరిగినది.

ఒక దేశపు ట్రస్టు 45 శాతం అప్పుతో ఉన్నదంటే అది అక్కడి చట్టపు అంచుకు దగ్గరగా ఉండవచ్చు, లేదా సామాన్యమైన స్థాయే కావచ్చు. కనుక వేరువేరు దేశాల ట్రస్టులను పోల్చేటప్పుడు వాటి పరిమితులను కూడా దృష్టిలో ఉంచుకోవాలి.

భారతదేశంలో

సెబీ 2014 సెప్టెంబరు 26న రీట్ల నిబంధనలను ప్రకటించినది. వీటి ప్రకారం ఆస్తులలో కనీసం 80 శాతం నిర్మాణం పూర్తయి ఆదాయం ఇస్తున్నవై ఉండాలి. పంపిణీకి వీలైన నికర నగదులో కనీసం 90 శాతం యూనిట్‌దారులకు పంచాలి. నగదు తీసివేయగా మిగిలిన అప్పు ఆస్తుల విలువలో 49 శాతం మించరాదు. 25 శాతం దాటితే క్రెడిట్ రేటింగు, యూనిట్‌దారుల ఆమోదం తప్పనిసరి. ఆస్తుల ధరలు మారినందువల్ల పరిమితి దాటితే ఆరు నెలలలో సరిచేయాలి.

దేశంలో మొదటి రీట్ అయిన ఎంబసీ ఆఫీస్ పార్క్స్ 2019 ఏప్రిల్ 1న మార్కెట్టులో నమోదు అయినది. తరువాత మైండ్‌స్పేస్ బిజినెస్ పార్క్స్ (2020 ఆగస్టు), బ్రూక్‌ఫీల్డ్ ఇండియా (2021 ఫిబ్రవరి), మాల్స్ కలిగిన మొదటి రీట్ నెక్సస్ సెలెక్ట్ (2023 మే), నాలెడ్జ్ రియల్టీ ట్రస్ట్ (2025 ఆగస్టు) వచ్చినాయి. వీటిలో మైండ్‌స్పేస్‌కు హైదరాబాదులోని మాదాపూర్‌లో పెద్ద కార్యాలయ సముదాయం, నెక్సస్‌కు కూకట్‌పల్లిలో మాల్, నాలెడ్జ్ రియల్టీకి హైదరాబాదు ఐటీ ప్రాంతంలో భవనాలు ఉన్నాయి. 2021లో కనీస దరఖాస్తు మొత్తం 50,000 రూపాయల నుండి 10,000-15,000 రూపాయల స్థాయికి తగ్గించబడి, ఒక్క యూనిట్ కూడా కొనే వీలు కలిగినది. దానితో పింఛనుదారులు, చిరుద్యోగులు కూడా వీటిలో మదుపు చేయగలుగుతున్నారు. రుణభారం లెక్క ఇప్పుడు వారికి కూడా అవసరమైన విషయం.

భారతీయ లెక్కలలో ఒక ప్రత్యేక అంశం గమనించవలసి ఉన్నది. కార్యాలయాలను అద్దెకు తీసుకొనే కంపెనీలు కొన్ని నెలల అద్దెను డిపాజిట్టుగా ఇస్తాయి. సెబీ నిబంధనలు ఈ తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్లను అప్పులో కలపవు. సాధారణ సమయాలలో పాత అద్దెదారు పోతే కొత్త అద్దెదారు డిపాజిట్టు వస్తుంది కనుక చిక్కు లేదు. ఒకేసారి అనేకమంది ఖాళీ చేస్తే మాత్రం అది నగదుగా చెల్లించవలసిన బాకీయే.

పోలికలో పాటించవలసిన జాగ్రత్తలు

ట్రస్టు రకం: భవనాలు కొని అద్దెకిచ్చే ట్రస్టులు వేరు, భవనాలపై తనఖా అప్పులను కొనే ట్రస్టులు వేరు. రెండవ రకం అమెరికాలో అధికం. వీటి అప్పు స్వంత మూలధనానికి అనేక రెట్లు ఉండడం సాధారణం. ఇటువంటి థార్న్‌బర్గ్ మార్ట్‌గేజ్ సంస్థ రుణదాతలు అదనపు పూచీ కోరగా ఇవ్వలేక 2009 మే 1న దివాలా తీసినది. ఈ రెండు రకాలను ఒకే పట్టికలో పోల్చరాదు.

లెక్కల పద్ధతి: అమెరికా సంస్థల లెక్కలలో భవనం విలువ అనగా కొన్న ధర నుండి తరుగుదల తీసివేసినది. సింగపూర్, హాంగ్‌కాంగ్ ట్రస్టులు మార్కెట్టు విలువను చూపుతాయి. భారతీయ ట్రస్టులు లెక్కలలో కొన్న ధర ఆధారంగా చూపి, స్వతంత్ర మదింపుదారు నిర్ణయించిన విలువను విడిగా ప్రకటిస్తాయి. ముప్పై ఏళ్ళ క్రితం కొన్న భవనం పుస్తకాలలో చాలా తక్కువ విలువకు కనబడుతుంది. అప్పుడు అప్పు శాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది.

ప్రిఫరెన్సు వాటాలు: అమెరికాలో పబ్లిక్ స్టోరేజ్ సంస్థ చాలాకాలం అప్పుకు బదులు ప్రిఫరెన్సు వాటాలను ఎక్కువగా వాడుకున్నది. వీటి అసలు తిరిగి చెల్లించవలసిన గడువు ఉండదు కనుక గడువు ప్రమాదం లేదు. కాని సాధారణ వాటాదారుల కంటే ముందు వీరికి చెల్లించాలి. వీటిని అప్పుగా లెక్కిస్తే ఒక నిష్పత్తి, లెక్కించకపోతే మరొక నిష్పత్తి వస్తుంది.

భాగస్వామ్య సంస్థల అప్పు: వేరొక సంస్థతో కలిసి కొన్న భవనంపై ఉన్న అప్పు కొన్నిసార్లు ట్రస్టు సొంత లెక్కలలో కనబడదు. తన వాటా మేరకు అప్పును కూడా కలిపి చూడాలి.

ఆస్తుల స్వభావం: పది, పదిహేను సంవత్సరాల లీజుపై ఉన్న గిడ్డంగి మోయగల అప్పును, అద్దె దినదినం మారే హోటలు మోయలేదు. అద్దె ఒప్పందాల గడువు, అప్పు గడువు ఒకదానికొకటి పొంతనగా ఉండడం మంచిది.

మదుపరి చూడవలసిన క్రమం

ట్రస్టు చిక్కులో పడి ఆస్తులు అమ్మవలసి వస్తే రుణదాతలకు ముందు చెల్లించాలి. యూనిట్‌దారుల వంతు చివరిది. బ్యాంకు డిపాజిట్టు వలె ఇందులో అసలుకు హామీ లేదు. కనుక అర్ధసంవత్సర, వార్షిక నివేదికలలో ఈ క్రింది వివరాలను వరుసగా చూడడం మేలు.

1. రాబోయే రెండు సంవత్సరాలలో తీర్చవలసిన అప్పు ఎంత? దానికి ఎదురుగా చేతిలో నగదు, బ్యాంకులు మంజూరు చేసి ఇంకా వాడుకోని రుణ పరిమితి ఎంత?
2. వడ్డీ రేటు 2 లేదా 3 శాతం పెరిగితే వడ్డీ కవరేజీ ఎంతకు తగ్గుతుంది?
3. ఆస్తుల విలువ 20 శాతం తగ్గితే అప్పు నిష్పత్తి ఎంత అవుతుంది? చట్టపు పరిమితికి, రుణ ఒప్పందపు షరతుకు ఇంకా ఎంత దూరం ఉంటుంది?
4. తనఖా లేని ఆస్తులు ఎన్ని ఉన్నాయి?
5. ఆదాయానికి అప్పు ఎన్ని రెట్లు? గత మూడు, నాలుగు సంవత్సరాలలో అది పెరుగుతున్నదా, తగ్గుతున్నదా?
6. ఒకే దేశంలోని, ఒకే రకమైన ఆస్తులు కల ఇతర ట్రస్టులతో పోల్చినపుడు ఈ అంకెలు ఎలా ఉన్నాయి?

వీటిలో మొదటి ప్రశ్నకు సమాధానం నివేదికలో సులభంగా దొరకకపోతే, అదే ఒక హెచ్చరికగా భావించవచ్చు. ఆస్తిపై అప్పు శాతం ఈ ప్రశ్నల తరువాత చూడవలసిన అంకె. తక్కువ శాతం ఉన్న ట్రస్టు సాధారణంగా సురక్షితమే అయినా, ఆ అప్పంతా ఒకే సంవత్సరంలో గడువు తీరేదైతే ఆ సురక్షితత్వం రుణదాతల దయపై ఆధారపడినదే అవుతుంది.